పైకి పాకే కోత

పేపర్లో నాలుగు లైన్లు వేశారు. భారీ వర్షానికి గుట్ట మీది మట్టి కొట్టుకొచ్చి కాలనీలో రెండు ఇళ్ళు దెబ్బతిన్నాయట, ప్రాణనష్టం లేదట. అంతే. నేరం వర్షం మీదికి తోసేస్తే ఇక ఎవరి పేరూ రాయక్కర్లేదు. వర్షాన్ని ఎవరూ పిలిచి నిలదీయరు, అది తిరిగి మాట్లాడదు. ఆ ముక్క కత్తిరించి డైరీలో అంటించుకుని, పక్కన ఎర్ర ఇంకుతో "అబద్ధం" అని రాశాను. అప్పటికి నేను చేయగలిగిన తిరుగుబాటు అదే. నా కోపంలో సగం వాటా నాకే రావాలని ఒప్పుకుని ఇది మొదలుపెడుతున్నాను.

మాది రాజమండ్రికి ఎగువన, బస్సులో గంట దూరం. కాలవ నీళ్ళు ఎక్కని మెట్ట. ఎర్రమట్టి, గులకరాళ్ళు, జీడిమామిడి తోటలు. ఊరి వెనక ఒక గుట్ట ఉంది. గుట్ట నడుం దగ్గర మా చర్చి సంఘం సమాధుల తోట. దాని కింద వాలు. వాలు దిగితే కాలనీ, ముప్పై ఇళ్ళు. సమాధుల తోటలో కింది నుంచి మూడో వరసలో, వేపచెట్టు పక్కన మా అమ్మ ఉంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా పోయింది. ఇప్పుడు నేను ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. పిల్లల ముందు మాట వస్తుంది. పెద్దవాళ్ళ ముందు రాదు. రాని మాటలన్నీ డైరీలోకి వెళ్తాయి.

మా వాళ్ళకి ఈస్టరు అంటే ముందు సమాధులు. ఆ రోజు తెల్లవారకముందే అందరం గుట్టెక్కి, కొవ్వొత్తులు వెలిగించి, అక్కడే ఆరాధన చేసుకుంటాం. దానికి వారం ముందు నుంచీ పారలూ సున్నం డబ్బాలూ పట్టుకుని కుటుంబాలు బయల్దేరతాయి. సమాధికి సున్నం కొడతారు. చుట్టూ గడ్డి చెక్కుతారు. కొయ్యడం కాదు, వేరుతో సహా చెక్కడం. నేల అలికిన అరుగులా ఎర్రగా, నున్నగా కనబడాలి. గడ్డి మొలిచిన సమాధి అంటే మా దగ్గర దిక్కులేని సమాధి. ఎవరి సమాధి మీదైనా జానెడు గడ్డి ఉంటే ఆ ఏడంతా ఆ కుటుంబానికి మాట తప్పదు. "కొడుక్కి బండి కొనడానికి తీరికుంది గానీ తల్లి దగ్గర గడ్డి పీకడానికి తీరిక లేదు" అంటారు.

నా అంత బాగా చెక్కేవాళ్ళు ఊళ్ళో లేరు. పార వెళ్ళని చోట గరిక వేళ్ళని నా వేళ్ళతో లాగేదాన్ని. గోళ్ళలో ఎర్రమట్టి వారం రోజులు పోయేది కాదు. అది పోకపోవడం నాకు ఇష్టం. అమ్మకి నేను చేయగలిగింది అదొక్కటే కదా అనుకునేదాన్ని. మా వరస మొత్తం నేనే చెక్కేదాన్ని, పక్కవాళ్ళ సమాధులతో సహా. పదేళ్ళు.

ఆ గుట్టకి అన్యాయం చేసినవాళ్ళ లెక్క రాయమంటే మొదటి పేరు నాది రాయాలి. ఆ సంగతి నాకు చెప్పింది మా సంఘంవాడు కాదు, సమాధుల తోటకి ఆనుకుని జీడితోట ఉన్న రైతు. అరవై దాటిన మనిషి. కంచె అవతల నుంచి నన్ను చాలా ఏళ్ళుగా చూస్తున్నాడు. ఒకసారి చెక్కుతుంటే పిలిచి అన్నాడు.

"ఏంటి టీచరమ్మా, ఏటా గుండు కొట్టించేత్తారు? మేం తిరపతెల్లి మా నెత్తికి కొట్టించుకుంటాం. మీరేంటి నేలకి కొట్టిత్తారు?"

నేను నవ్వి ఊరుకున్నాను. నాకు తెలిసిన జవాబు అదే.

"నవ్వుతావేంటమ్మా. జుట్టుంటేనే కదా వాన తలకి తగలదు!"

మరుసటి ఏడు టిప్పర్లు వచ్చాయి. కింద డెల్టాలో ఎక్కడో వరిచేలు పూడ్చి ప్లాట్లు వేస్తున్నారు, దానికి గ్రావెల్ కావాలి. మా గుట్ట అంతా గ్రావెలే. కాంట్రాక్టరు తెలివైనవాడు. తిన్నగా సంఘం పెద్దల దగ్గరికొచ్చి, సమాధుల తోటకి ప్రహరీ కట్టిస్తాను, కింద వాలులో మట్టి తీసుకోనివ్వండి అన్నాడు. ప్రహరీ మా వాళ్ళ ఎన్నో ఏళ్ళ కోరిక. పశువులు సమాధుల మీద తిరుగుతున్నాయని అందరికీ బాధ. పెద్దలు సరే అన్నారు. అర్థం చేసుకోగలను. అర్థం చేసుకున్నా కోపం పోదు.

గోడ వచ్చింది. తెల్లగా, నడుమెత్తున, అన్ని వైపులా. నీళ్ళు పోవడానికి ఒక్క కన్నం లేకుండా కట్టారు. కింద వాలు పాదాన్ని పొక్లైన్ నిలువునా కోసేసింది. ముందు వాలుగా ఉన్న చోట ఇప్పుడు తాటిచెట్టంత నిటారు గోడ. అందులో మట్టి పొరలు, ఎరుపు కింద పసుపు, పసుపు కింద తెలుపు, కోసిన కేకులా కనబడేవి. కాలనీ పిల్లలు దాని ముందు సెల్ఫీలు దిగారు.

ఆ జూన్ వానలకే కోత పడింది. నున్నగా చెక్కిన నేల మీద వాన నీళ్ళు ఆగడానికి ఏమీ లేదు. జారి కింది గోడ దగ్గరికొచ్చాయి. గోడ ఆపింది. గోడ వెంట నడిచి తూర్పు మూలకి చేరి, అక్కడ పునాది కింద నుంచి బయటికి దూరాయి. అప్పటిదాకా గుట్టంతా పరుచుకుని దిగే నీళ్ళు ఇప్పుడు ఒక్క చోట నుంచి దిగుతున్నాయి. వాలు మీద వేలెడు గీత పడింది. రెండు వానలకి అది మోకాలి లోతు. నిటారుగా కోసిన చోటికి చేరాక నీళ్ళు అక్కణ్ణుంచి కిందికి దూకడం మొదలుపెట్టాయి. వాన తగ్గాక కూడా ఆ దూకే చప్పుడు స్కూలు దాకా వినిపించేది.

ఒక సాయంత్రం అక్కడ నిలబడి చూస్తుంటే రైతు వచ్చాడు.

"చూత్తన్నావా? నీళ్ళు కిందికి పోతాయి. కోత మాత్రం పైకి వచ్చుద్ది."

"పైకి ఎలాగండీ?"

"దూకిన చోట గొయ్యి పడద్ది. గొయ్యి పడితే పైన గట్టుకి కాళ్ళుండవు. కూలుద్ది. కూలిన కాడ నుంచి మళ్ళీ దూకుద్ది, మళ్ళీ గొయ్యి. అలా పాక్కుంటా పైకొచ్చుద్ది. మీ గోడ దాకా వచ్చుద్ది. గోడని పడగొట్టి లోపలికి కూడా వచ్చుద్ది. గేటు ఉందా అని అడగదమ్మా అది."

నేను వేపచెట్టు వైపు చూశాను. ఆయన కూడా చూశాడు. మా అమ్మ ఎక్కడుందో ఆయనకి తెలుసు.

"ఏం చెయ్యాలండీ మరి?"

"ముందు గోడకి నాలుగైదు చోట్ల కన్నాలు కొట్టండి, నీళ్ళు చీలతాయి. కోతలో అడ్డంగా రాళ్ళు పేర్చి, ముళ్ళకంప పెట్టి తొక్కండి. బురద దాని ఎనకాల ఆగి గట్టిపడద్ది. లోపల గడ్డి రానియ్యండి. ఒకటి మాత్రం చెయ్యకండి. మట్టి తెచ్చి పొయ్యకండి. వదులు మట్టి ఆ గోతిలో పోత్తే తుపాకీలో మందు కూరి కాలనీ మీద గురిపెట్టినట్టే."

అదంతా ఆ రోజు డైరీలో ఉంది, ఆయన అన్న మాటల్తోనే. దాని కింద అమ్మ సమాధి నుంచి కోత అంచుకి ఎంత దూరమో రాశాను. చెప్పు వెనక చెప్పు పెట్టి కొలిచాను. ముప్పై నాలుగు అడుగులు. ఆగస్టులో గోడ మూల కూలింది, ముప్పై ఒకటి. తరవాత ఇరవై ఏడు.

సెప్టెంబరులో ఆరాధన అయ్యాక పెద్దలు గుడిలోనే కూర్చున్నారు. మా నాన్న కూడా పెద్దల్లో ఒకరు. మండలాఫీసులో గుమాస్తా. సభలో మాట్లాడరు, నా మౌనం ఆయన దగ్గర నుంచి వచ్చిందే. సంఘంలో మాట చెల్లేది ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుది. నాకు అయిదో తరగతి చెప్పారు. ఇప్పటికీ ఆయన్ని చూస్తే చేతులు వెనక్కి పోతాయి.

"కాంట్రాక్టరు గారు మంచివాడు" అన్నారు మాస్టారు. "ఊరికే పది టిప్పర్లు మట్టి పోయిస్తానన్నాడు. గొయ్యి పూడిపోద్ది, గోడ మళ్ళీ కడతాడు."

నేను ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో లేచి నిలబడ్డాను. డైరీ చేతిలో ఉంది.

"మాస్టారూ..."

"ఏమ్మా? సండే స్కూలు పిల్లల బిస్కెట్ల సంగతేనా? అది తరవాత చూద్దాం."

అందరూ నవ్వారు. మంచి నవ్వే, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు.

"అదేనండీ" అని కూర్చున్నాను.

అదేనండీ. నా నోటి నుంచి వచ్చిన మాట అది. ఇంత రాయగలిగినదాన్ని, పుస్తకాల మీద పుస్తకాలు చదివినదాన్ని, ముప్పై ఇళ్ళ మీదా మా అమ్మ మీదా అంత ముప్పు ఉందని తెలిసి, బిస్కెట్ల గురించే లేచానని ఒప్పుకుని కూర్చున్నాను. ఈ వాక్యం రాసేటప్పటికి పెన్ను కాగితంలోకి దిగిపోయింది.

పది టిప్పర్లు పోశారు. కొట్టేసిన జీడి మోళ్ళు, పగిలిన గోడ ముక్కలు కూడా అందులోకే తోసి పైన చదును చేశారు. చూడటానికి బాగుంది.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. మూడో రోజు స్కూలుకి సెలవిచ్చారు. మధ్యాహ్నం గొడుగేసుకుని గుట్టెక్కాను. గొడుగు వల్ల ప్రయోజనం లేదు, గాలికి రెండుసార్లు తిరగబడింది. రైతు అప్పటికే కంచె దగ్గర ఉన్నాడు, నెత్తిన యూరియా సంచి కప్పుకుని. పూడ్చిన చోట మట్టి సగానికి కుంగింది. మధ్యలో నీళ్ళు ఎర్రగా ఉరుకుతున్నాయి.

కాసేపటికి ఆ నీళ్ళు తగ్గాయి. వాన తగ్గలేదు, కోతలో నీళ్ళు మాత్రం తగ్గి, సన్నని ధార అయ్యాయి. నాకు ప్రాణం కుదుటపడింది. ఆయన ముఖం మాత్రం మారిపోయింది.

"తగ్గలేదే పిచ్చిదానా! పైన మోళ్ళు అడ్డంపడి కట్టేశాయి. ఎనకాల చెరువవుతుంది. కాలనీకి ఫోన్ చెయ్!"

కోత కింద మొదటి ఇంట్లో మా స్కూలు పిల్లవాడి తల్లి ఉంటుంది. ఆమె నంబరు నా ఫోన్లో ఉంది.

"అక్కా, నేను టీచర్ని. పిల్లల్ని తీసుకుని బయటికొచ్చేయండి. రోడ్డు మీదికి. పక్కింటివాళ్ళని కూడా."

"ఏమైందండీ? ఇంత వానలోనా? మేకలున్నాయండీ ఇక్కడ..."

"మేకల్ని వదిలెయ్యండి! బయటికి రా అంటే రా!"

నేను అరిచాను. నా గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు. రైతు కూడా తిరిగి చూశాడు. ఆమె ఇంకేం అడగలేదు.

తరవాత వచ్చింది నీళ్ళు కాదు. వరద నేను చూశాను, గోదావరి జిల్లాలో పెరిగినవాళ్ళకి వరద తెలుసు. ఇది వేరు. కాంక్రీటు మిల్లర్లో తిరిగే ముద్దలాంటిది, మోళ్ళ అడ్డు తెంచుకుని ఒక్కసారి వచ్చింది. ముందు నడిచింది రాళ్ళూ మోళ్ళూ, వెనక నుంచి బురద వాటిని తోస్తోంది. మేకంత రాయి బురద పైన తేలినట్టు పోయింది. రాళ్ళు లోపల ఒకదానికొకటి కొట్టుకుంటుంటే కాళ్ళ కింద నేల అదిరింది. కోత దాన్ని పక్కకి పోనివ్వలేదు. పట్టాల మీద రైలులా తిన్నగా కాలనీ మీదికి తీసుకెళ్ళింది. అక్కడ వాలు అయిపోయాక చెయ్యి చాపినట్టు పరుచుకుని ఆగింది. ఒక నిమిషం ఆగి, ఇంకో దెబ్బ. మొత్తం మూడుసార్లు. అది పోయిన దారికి రెండు వైపులా మడిగట్లు వేసినట్టు రాళ్ళు వరసగా మిగిలాయి.

మనుషులందరూ రోడ్డు మీద ఉన్నారు. రెండు ఇళ్ళలో కిటికీల ఎత్తున బురద నిండింది. మేకలు ఆరు పోయాయి.

నేను వెనక్కి తిరిగి చూస్తే సమాధుల తోటకి కింది గోడ లేదు. మొదటి వరసలో నాలుగు సమాధులు లేవు. అమ్మ ఉంది. అమ్మకీ అంచుకీ మధ్య అప్పుడే కొలిచాను, చెప్పులు లేకుండా, పాదం వెనక పాదం పెట్టి. తొమ్మిది.

మర్నాడు కాలనీలో బురద తోడుతుంటే, నేను ఫోన్ చేసిన ఇంటి గుమ్మం ముందు ఒక రాతి పలక బయటపడింది. సున్నం ఇంకా తెల్లగా ఉంది. "ప్రభువునందు నిద్రించిన" అన్న దాకా ఉంది, పేరు ఉన్న సగం లేదు. ఆ ఇంటావిడ దాన్ని కడిగి, చీర కొంగుతో తుడిచి, వాకిట్లో గోడకి ఆనించి పెట్టింది. ఎవరిదో తెలియక ఆమే దానికి ఆ రోజు కొవ్వొత్తి వెలిగించింది.

మాస్టారు వచ్చి చూసి, "దేవుడి చిత్తం" అన్నారు. దేవుణ్ణి కూడా వర్షంలాగే వాడుకుంటారని అప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చాక నాన్నని అడిగాను. బట్టలు మార్చుకోకుండా, బురద కాళ్ళతో, గుమ్మంలోనే.

"గుట్ట తవ్వుకోమన్న కాగితం మీద మీరు కూడా సంతకం పెట్టారా?"

"అందరం పెట్టాం అమ్మా."

"అందరి భార్యలూ అక్కడ లేరు కదా నాన్నా."

నాన్న నా బురద కాళ్ళకి చెంబుతో నీళ్ళు తెచ్చారు. తరవాత మెల్లగా అన్నారు. "గోడ కట్టిస్తారంటే పెట్టాను. వాళ్ళమ్మ సమాధి మీద గేదెలు పడుకుంటున్నాయని మీ అమ్మ ఎన్నిసార్లు ఏడ్చిందో నీకు తెలీదు. తనకి అలా జరక్కూడదనుకున్నాను."

కోపం ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. గోడ ఆయన ప్రేమ, గడ్డి చెక్కడం నా ప్రేమ. మా ఇద్దరి ప్రేమా కలిసి ఆ నేలని విప్పేశాయి. కాంట్రాక్టరుకి మా బలహీనత తెలుసు, అంతకంటే ఎక్కువ ఏం తెలియనక్కర్లేకపోయింది.

ఆ వారం నుంచీ ఆదివారం మధ్యాహ్నాలు నేనూ నాన్నా గుట్టెక్కాం. రైతు చూపించినట్టు కోతకి అడ్డంగా, మెట్లు మెట్లుగా రాళ్ళు పేర్చాం. ఆ బురద తెచ్చి పడేసిన రాళ్ళే. ఆయన తన తోటలో కొట్టిన కంప ఇచ్చాడు. "క్రైస్తవులకి ముళ్ళ కిరీటం కొత్తేం కాదుగా, మొయ్యండి" అన్నాడు. నాన్న చాలా రోజుల తరవాత నవ్వారు. కాలనీవాళ్ళు కొందరు వచ్చారు. మిగతా పెద్దల్లో ఎవరూ రాలేదు.

ఈస్టరు వచ్చింది. వారం ముందు మాస్టారు ఆరాధనలో ప్రకటించారు. ఈసారి సమాధుల తోట మరింత శుభ్రంగా ఉండాలి, చెక్కడానికి జేసీబీనే పిలిచాం, సంఘస్థులు శ్రమపడక్కర్లేదు అన్నారు. కూర్చున్నవాళ్ళలో సంతోషం వినిపించింది.

లేచాను. ఈసారి డైరీ తీసుకెళ్ళలేదు.

"చెక్కొద్దు మాస్టారూ."

"ఏంటమ్మా?"

"గడ్డి చెక్కొద్దండీ. మా అమ్మ వరసలో ఎవర్నీ పార పెట్టనివ్వను. జేసీబీ వస్తే ముందు కూర్చుంటాను."

"అదేంటి తల్లీ, అమ్మ సమాధి మీద గడ్డి ఉంచుతావా? చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పదేళ్ళు నువ్వే కదా నున్నగా చెక్కావ్!"

"అవునండీ. నేనే చెక్కాను. నేను చెక్కిన నేల మీంచి జారిన నీళ్ళే గుట్టని కోశాయి. నాలుగు సమాధులు కొట్టుకుపోయాయండీ. గడ్డి ఉందని ఏ సమాధీ కొట్టుకుపోలేదు."

ఈసారి వాక్యం చివరిదాకా వచ్చింది. వెనక బెంచీలో ఎవరో ఆడమనిషి "కాస్త బద్ధకానికి ఎంత కథ చెబుతుందో" అంది. ఇంకొకరు ఉష్ అన్నారు. అప్పుడు మగవాళ్ళ వైపు నాన్న లేచారు. ఆయన గుడిలో లేచి మాట్లాడటం నేను చూడలేదు ఎప్పుడూ.

"మా కుటుంబం చెక్కదండీ. కాగితం మీద సంతకం పెట్టింది నేను. తప్పు. జేసీబీని రావొద్దని చెప్పండి."

రావొద్దని ఎవరూ చెప్పలేదు. జేసీబీ వచ్చింది. పై వరసలన్నీ గీకేసింది. మూడో వరస దగ్గర నేనూ నాన్నా కూర్చున్నాం, కాలనీ నుంచి మేకలు పోయినావిడ కూడా వచ్చి పక్కన కూర్చుంది. డ్రైవరు కాసేపు చూసి, ఇంజను ఆపి, బీడీ కాల్చుకుని వెళ్ళిపోయాడు.

ఈస్టరు నాడు గుట్టంతా ఎర్రగా మెరుస్తుంటే మా వరసా దాని కిందివీ మాత్రం మాసిన దుప్పటిలా ఉన్నాయి. ఎండుగడ్డి అంటుకుంటుందని కొవ్వొత్తిని పాల డబ్బాలో పెట్టి వెలిగించాం. దాటిపోయేవాళ్ళు చూసి తల తిప్పుకున్నారు. ఒక పెద్దావిడ ఆగి, "మీ అమ్మ ఇలా ఉండాల్సిన మనిషా?" అని అడిగింది. నేను "ఉండాలండీ" అన్నాను. ఉండటమే కదా నాకు కావలసింది.

ఈ ఏడాది వానలు వచ్చి పోయాయి. గీకిన పై వరసల్లో కొత్త గీతలు పడ్డాయి, వేలెడు లోతున. ఎలా మొదలవుతుందో నాకు తెలుసు, వాళ్ళకీ ఇప్పుడు తెలుసు, అయినా చూడనట్టు నడుస్తున్నారు. టిప్పర్లు గుట్టకి అవతలి వైపుకి మారాయి. ఆ వైపు ఏ సంఘానికి ఏం కట్టిస్తానన్నారో కనుక్కోవాలి. ఈసారి తవ్వకం ఆపమని అర్జీ నేనే రాశాను, నాన్న ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకొచ్చారు. జవాబు రాలేదు.

నిన్న గుట్టెక్కి కొలిచాను. రాళ్ళ వెనక బురద పేరుకుని గట్టిపడింది, దాని మీద గరిక పాకింది. అమ్మ పేరు గడ్డిలో మునిగిపోయింది, చేత్తో పక్కకి తీసి చదవాల్సి వచ్చింది. చెప్పు వెనక చెప్పు పెట్టుకుంటూ అంచు దాకా వెళ్ళాను.

తొమ్మిదే.